పేరు చెప్పు!
నడిగడ్డ నుంచి నల్లమల దాకా: చరిత్ర ధారావాహిక – 17

2018 మార్చిలో నడిగడ్డ పల్లెలు పొద్దు గూకకముందే తలుపులు బిగించుకోవడం మొదలుపెట్టాయి. ఆ సీమను ఎరిగినవాళ్లకు ఇది వింతగా తోచాలి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఆ నేలలో ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లో పడుకునేవాళ్లు తక్కువ. మంచాలు వాకిట్లోకో మిద్దె మీదికో చేరతాయి. ఆ ఏడు మాత్రం ఉక్కపోతలోనే గడియ పెట్టుకుని, పిల్లల్ని పక్కలో పొదువుకుని పడుకున్నారు. ఊళ్లు తిరిగే పోలీసులు సంగతేమిటని అడిగితే జనం ఫోన్లు తీసి చూపించారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయి, పార్థీ గ్యాంగ్ తిరుగుతోంది, మనుషుల్ని కోసి అవయవాలు తీసుకుపోతున్నారు అంటూ వాట్సాప్‌లో వీడియోలు, నెత్తుటి ఫొటోలు, ఎవరివో తెలియని గొంతుల హెచ్చరికలు.

అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి వనపర్తి జిల్లా బాధ్యత కూడా చూస్తున్నారు. ఆమె ఏలుబడి కింద నాలుగు వందల దాకా ఊళ్లు. అయిదు వందల మంది పోలీసులకు తర్ఫీదిచ్చి ఊరూరికీ పంపారు. కానిస్టేబుళ్లు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో సభ్యులుగా చేరారు. జానపద కళాకారుల చేత పాటలు కట్టించి డప్పు మీద చాటించారు. అదే వేసవిలో, మే 26 రాత్రి, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల దొంగ అన్న అనుమానంతో మూక కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో అయిదుగురు సంచార జాతి భిక్షుకులను అదే నెపంతో చంపారు. గద్వాల, వనపర్తి పల్లెల్లో మాత్రం ఆ వదంతికి ప్రాణం పోలేదు.

దీన్ని ఫోన్ల కాలపు జబ్బు అని పక్కన పెట్టేయవచ్చు. పాలమూరు చరిత్ర చూసేవాడికి మాత్రం ఇందులో కొత్తది ఫోను ఒక్కటే. కనబడని శత్రువు, ఊరంతటికీ ఒకేసారి పట్టే వణుకు, ఆ వణుకు తీరడానికి దొరకబుచ్చుకునే ఒక మనిషి – ఇవి ఈ నేలకు తాతల నాటి నుంచీ తెలుసు. ఫోన్లు రాకముందు ఆ వణుకును జనం బాణామతి అన్నారు.

పోయిన వారం గద్వాల మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ గురించి చెప్పుకున్నాం. 1924లో భర్త పోయాక సంస్థానాన్ని తన చేతుల్లోకి తీసుకుని, హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసేదాకా ఏలింది. అంతకు ముందు వనపర్తిలో రాణి శంకరమ్మ. భర్త లేని ఆడది దివాణంలో కూర్చుంటే పటేలూ పట్వారీ చెప్పులు విడిచి నిలబడ్డ సీమ ఇది. అదే సీమలో, కోటకు అంత దూరాన, భర్త లేని ఇంకో ఆడదానికి రెండెకరాల చెలకా, ఒక పాడి గేదె, నలుగురి వాకిళ్లలోకి తొంగిచూసే అలవాటూ ఉంటే ఆమె గురించి ఊరు వేరే మాట అనుకునేది. ఈ వారం ఆ రెండో ఆడదాని గురించి.

కోస్తాలో చేతబడి అంటారు, తూర్పు మన్యంలో చిల్లంగి అంటారు. బాణామతి అన్న పేరు మాత్రం ఎక్కువగా పాత నిజాం రాజ్యంలోనే వినబడుతుంది. మెదక్, పాలమూరు, బీదర్, గుల్బర్గా, రాయచూరు – తెలుగు, కన్నడ, మరాఠీ కలగాపులగంగా మాట్లాడే పట్టీ అంతా దాని ఇలాకా. గద్వాల నుంచి రాయచూరు ఎంత దూరం గనక! పెళ్లి సంబంధాలు, పశువుల సంతలు, పత్తి బేరాలు సాగిన తోవల్లోనే ఈ భయమూ అటూ ఇటూ నడిచింది.

బాణామతి పట్టిన ఇంట్లో ఏం జరుగుతుంది? సాధారణంగా వయసులో ఉన్న ఆడపిల్లతోనో కొత్త కోడలితోనో మొదలవుతుంది. ఉన్నట్టుండి కేక పెడుతుంది. పిల్లిలా అరుస్తుంది, కుక్కలా మొరుగుతుంది. నాలుక కరుచుకుంటుంది, ఒళ్లు విల్లులా వంగుతుంది. ఒంటి మీద ఎవరో గీసినట్టు నల్లటి గుర్తులు, బొబ్బలు కనబడతాయి. ఇంటి మీద రాళ్లు పడతాయి, దండెం మీది బట్టలు అంటుకుంటాయి. రెండు రోజులు కాకముందే పక్కింటి కోడలు కేక పెడుతుంది, ఆ తర్వాత ఎదురింటి పిల్ల. వాడకట్టు వాడకట్టంతా రాత్రుళ్లు మేలుకొని ఉంటుంది. ఇందులో కొంత నిజం, కొంత మోసం, కొంత ఆ నోటా ఈ నోటా పెరిగింది. వీటిని విడదీసి చూడటానికి చాలా కాలం ఎవరికీ తీరిక దొరకలేదు.

కేకలు పెట్టే ఆ ఆడవాళ్లు నాటకమాడుతున్నారని నగరంలో కూర్చుని తేల్చేయడం అన్యాయం. మూర్ఛ రోగం ఉండొచ్చు. కాన్పు తర్వాతి మానసిక రుగ్మత ఉండొచ్చు. చాలాసార్లు అది డాక్టర్లు కన్వర్షన్ డిజార్డర్ అనేది. నోరు విప్పి చెప్పుకోలేని బాధ ఒంటి మీదికి దిగడం. పన్నెండేళ్లకో పదమూడేళ్లకో పెళ్లయి, అత్తగారింట పొద్దున నాలుగింటికి లేచి, మొగుడు వలస పోతే బొంబాయి నుంచి ఎప్పుడొస్తాడో తెలియని పిల్ల తన మనసు బాగాలేదని ఎవరికి చెప్పాలి? ‘నాకు పని చేతకావట్లేదు’ అంటే సోమరిపోతు అంటారు. ‘నాకు గాలి సోకింది’ అంటే మంచం వేసి పడుకోబెడతారు. మానసిక వైద్యులు మన దేశపు సంస్కృతిలోంచి పుట్టే రుగ్మతల జాబితాలో బాణామతిని ఆ పేరుతోనే చేర్చుకున్నారు. దాని వెనక ఆందోళన, దిగులు, శారీరక లక్షణాలుగా బయటపడే మనోవ్యథ, కొన్నిసార్లు స్కిజోఫ్రేనియా దాకా ఉంటాయని రాశారు.

ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం కూడా మన దగ్గరే పుట్టిన వింత కాదు. 1962 జనవరిలో ఆఫ్రికాలోని టాంగన్యీకాలో, ఇప్పటి టాంజానియాలో, కషాషా అనే ఊరి బాలికల బడిలో ముగ్గురు పిల్లలకు నవ్వు మొదలైంది. ఆగలేదు. నవ్వు, ఏడుపు, పరుగులు బడి నిండా పాకాయి. మార్చిలో బడి మూసి పిల్లల్ని ఇళ్లకు పంపితే ఆ ఊళ్లలోనూ మొదలైంది. 2022 జులైలో ఉత్తరాఖండ్‌లోని బాగేశ్వర్ జిల్లాలో ఒక సర్కారు బడి ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు తల బాదుకుంటూ ఏడ్చిన వీడియో మనలో చాలామంది చూసే ఉంటారు. కషాషాలో ఎవరూ చావలేదు. బాగేశ్వర్‌లోనూ ఎవరూ చావలేదు. పిల్లలు కొన్నాళ్లకు తేరుకున్నారు.

మరి మన దగ్గర మనుషులెందుకు చచ్చారు?

నా లెక్కలో దీనికి జవాబు పూనకంలో దొరకదు, పూనకం పక్కన నిలబడ్డవాళ్ల దగ్గర దొరుకుతుంది. భూతవైద్యుడు వస్తాడు. వేపమండ, నిమ్మకాయలు, పొగ. జుట్టు పట్టుకుని అడుగుతాడు: ‘ఎవరు చేసిండ్రు? పేరు చెప్పు!’ ఆ పిల్ల చెప్పదు. మళ్లీ అడుగుతారు. కళ్లలో కారం, చింతబరికె దెబ్బలు. చుట్టూ అత్త, మామ, బావ, వాడకట్టు మగవాళ్లు. పేరు చెప్తే వదులుతుందని అందరూ అంటారు. చివరికి ఒక పేరు వస్తుంది. ఆ పేరు వినగానే గుంపులో ఎవరూ ఆశ్చర్యపోరు. ఊరు అంతకుముందే అనుకుని పెట్టుకున్న పేరు అది.

జమ్మిచేడు జమ్ములమ్మ జాతరకు పోండి, పూనకం వచ్చిన ఆడవాళ్లు కనబడతారు. అదే ఊగడం, అదే కేక. అక్కడ ఆమెకు పసుపు నీళ్లు పోస్తారు, దండం పెడతారు, పంటల గురించీ వానల గురించీ అడుగుతారు. ఎవరు చేశారని అడగరు. ఆమె తేరుకుని బువ్వ తిని ఇంటికి పోతుంది. ఇటు ఆలంపురంలో జోగులాంబ అమ్మవారి జడల్లో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయని మొక్కేవాళ్లంతా చెబుతారు. అంత భీకరమైన ఆడరూపానికి శక్తిపీఠమని సాష్టాంగపడే నేలే ఒంటరి ముసలిది జడ విరబోసుకుని ఉంటే జడుసుకుంది.

మూడు వందల ఏళ్ల కిందటి అమెరికాలో సంగతి చూడండి. 1692 చలికాలంలో మసాచుసెట్స్‌లోని సేలం గ్రామంలో పాదిరి ఇంట్లోనే ఇద్దరు చిన్నపిల్లలు వంకర్లు తిరిగి అరవడం మొదలుపెట్టారు. వైద్యుడు చూసి ఇది దుష్టశక్తి పని అన్నాడు. పెద్దలు పిల్లల్ని నిలబెట్టి అడిగింది అదే ప్రశ్న: మిమ్మల్ని పీడిస్తున్నదెవరు? మొదట మూడు పేర్లు వచ్చాయి. పాదిరి ఇంట్లో పనిచేసే బానిస స్త్రీ టిటూబా, ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే సారా గుడ్, మంచాన పడ్డ సారా ఆస్బర్న్. ముగ్గురిలో ఒక్కరికీ అడిగే దిక్కు లేదు. సెప్టెంబరుకల్లా 19 మందిని ఉరితీశారు. వాళ్లలో 14 మంది ఆడవాళ్లు. ఒక ముసలాయన నోరు విప్పనంటే గుండెల మీద బండరాళ్లు పేర్చి చంపారు. పేర్లు చెప్పిన పిల్లల్లో ఒకరైన ఆన్ పుట్నమ్ 1706లో చర్చిలో నిలబడి క్షమాపణ వేడుకుంది. ఆఖరి ముద్దాయి మీద పడ్డ నేరాన్ని మసాచుసెట్స్ ప్రభుత్వం రద్దు చేసింది 2022లో!

ఐరోపాలో అంతకు ముందు రెండు మూడు శతాబ్దాల్లో మంత్రగత్తెలన్న పేరుతో కోర్టుల తీర్పుల మీదే చంపేసినవాళ్లు నలభై నుంచి యాభై వేల మంది అని చరిత్రకారుల అంచనా. మన దగ్గర ఈ పని కోర్టులు చేయలేదు. రచ్చకట్ట చేసింది. అందుకే తీర్పుల కాగితాలు లేవు, తేదీలు లేవు. చరిత్ర రాసేవాడికి ఇదొక పెద్ద కరువు. సంస్థానాల నాటి భూమి తగాదాలకు, గుళ్ల మాన్యాలకు, దివాణం ఖర్చులకు దస్త్రాలున్నాయి. ఊరి చివర పళ్లు రాలగొట్టించుకున్న ముసలమ్మకు దస్త్రం లేదు.

పళ్ల సంగతి చెప్పాలి. మంత్రం స్పష్టంగా పలికితేనే పారుతుందని నమ్మకం. ముందు పళ్లు లేకపోతే అక్షరం పలకదు, మంత్రం చెల్లదు. కాబట్టి మంత్రాలు చేస్తుందని అనుమానించిన మనిషిని పట్టి, పటకారుతోనో రాయితోనో పళ్లు ఊడగొట్టేవారు. తెలంగాణలో ఇది మొన్న మొన్నటిదాకా పత్రికల జిల్లా పేజీల్లో వచ్చిన వార్తే. మలమూత్రాలు తాగించడం, గుండు గీయించి ఊరేగించడం, చెట్టుకు కట్టేయడం, చివరికి కిరోసిన్. ఎడ్గర్ థర్‌స్టన్ అనే తెల్లదొర దక్షిణ భారతదేశపు శకునాలు, మూఢనమ్మకాల మీద పుస్తకం వేసింది 1912లో. అందులో మంత్రాల భయం గురించి పేజీలకు పేజీలు ఉంది. అయితే ఆ దొరలు అన్నిటినీ వింత ఆచారాల కింద రాసుకున్నారు, దెబ్బలు తిన్న మనిషి తర్వాత ఏమైందని అడగలేదు.

తెల్లవాళ్ల పాలనకు ఇంకో వంక కూడా ఉంది. ఛోటానాగ్‌పూర్ వైపు సింగ్‌భూమ్‌లో ఆంగ్లేయులు మంత్రగత్తెల వేటను నేరంగా చూసి అణచారు. అక్కడి జనం దాన్ని ఎలా అర్థం చేసుకున్నారంటే – సర్కారు మంత్రగత్తెల పక్షం చేరింది అని. 1857 తిరుగుబాటులో ఆ ప్రాంతం మీద కుంపిణీ పట్టు సడలగానే, ఆ కొద్ది నెలల సందులో, పాత అనుమానాలన్నీ తీర్చుకున్నారు. చాలామందిని చంపారు. చట్టం పైనుంచి వచ్చి, కింద దవాఖానా రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు దొరకలేదు.

మన దగ్గర బాణామతిని బహిరంగంగా కదిలించినవాళ్లు హేతువాదులు. గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1940లో స్థాపించిన నాస్తిక కేంద్రం తర్వాత విజయవాడకు మారింది. ఆయన కుమారులు డాక్టర్ విజయం, డాక్టర్ సమరం, వారి బృందం 1980ల మొదట్లో మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగారు. వెంట డాక్టర్లు, మనస్తత్వ నిపుణులు, ఇంద్రజాలికులు. డాక్టరు రోగిని చూస్తాడు, ఇంద్రజాలికుడు రచ్చకట్ట మీద భూతవైద్యుడి గుట్టు విప్పుతాడు. బాణామతి మీద ప్రచారంలో ఇంద్రజాలికుడు బి.వి. పట్టాభిరామ్ పేరు కూడా తెలంగాణ పల్లెలకు బాగా తెలుసు. కేరళ హేతువాది బి. ప్రేమానంద్ కూడా మన ఊళ్లు చాలా తిరిగాడు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక ఆ తర్వాత ఊరూరా ఈ ప్రదర్శనలు ఇచ్చింది.

గుట్టు ఏమంత పెద్దది కాదు. కత్తికి మందారపు రసం పూసి ఆరబెట్టి నిమ్మకాయ కోస్తే నెత్తురు కారినట్టు ఎర్రబడుతుంది. పసుపు నీళ్లలో సున్నం కలిపినా అంతే. తెల్ల భాస్వరాన్ని తడిగా ఉంచి బట్టల మడతలో పెడితే, తడి ఆరగానే గాలి తగిలి అదే అంటుకుంటుంది. ఇక ఒంటి మీది గుర్తులు. చాకళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టే నల్లజీడి గింజ రసం చర్మం మీద పడితే నల్లగా కాలి బొబ్బలెక్కుతుంది. దెబ్బలు తగలకుండానే దెబ్బలు తగిలినట్టు చూపించడానికి ఈ రసం వాడతారని ఫోరెన్సిక్ పాఠ్యపుస్తకాల్లో డాక్టరు చదువు చదివే ప్రతి పిల్లాడూ చదువుతాడు. ఇంట్లోవాళ్లే ఎవరో, ఒక్కోసారి రోగే తెలిసీ తెలియక, రాసుకున్న రసం అది. ఎందుకు రాసుకుంది అన్నది ఆ పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి, నెమ్మదిగా అడిగితే తేలే విషయం.

పేరు ఎవరిది వచ్చేదో చూద్దాం. మగదిక్కు లేని విధవరాలు, మరీ ముఖ్యంగా మరుదులతో భూమి పంపకం తగాదా ఉన్నది. 1956 హిందూ వారసత్వ చట్టం భర్త ఆస్తిలో వితంతువుకు పూర్తి హక్కు ఇచ్చింది. కాగితం మీద వచ్చిన ఆ హక్కు చాలా ఇళ్లలో ఆమె బతికున్నన్నాళ్లూ ఒక ముల్లు. పసరు మందులిచ్చే ముసలిది, మంత్రసాని. కాన్పు బాగా అయితే దేవుడి దయ, బిడ్డ పోతే ఆమె చెయ్యి. పిల్లలు లేనిది, ఎవరి బిడ్డ ముద్దొచ్చినా ఎత్తుకునేది. బాకీ గట్టిగా అడిగేది. నోరున్నది. ఊరి కులాల మెట్లలో కింది మెట్టున ఉన్నది. ఇవన్నీ ఒకే మనిషిలో కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. అయితే తెలంగాణలో మంత్రాల నెపంతో చచ్చినవాళ్లలో మగవాళ్లూ తక్కువ లేరు. ఇది దాచితే చరిత్ర వంకరపోతుంది. తేడా ఎక్కడంటే, మగవాడి మీద అనుమానం అతను చేసే పని నుంచి పుడుతుంది – మంత్రం చదువుతాడు, తాయెత్తు కడతాడు. ఆడదాని మీద అనుమానం ఆమె ఉన్న తీరు నుంచి పుడుతుంది. ఆమె ఏమీ చేయనక్కర్లేదు.

భయం ఎప్పుడూ చంపేంత దాకా పోదు. 1990ల్లో తెలుగు ఊళ్ల తలుపుల మీద సుద్దతోనో బొగ్గుతోనో రాసుకున్న ‘ఓ స్త్రీ రేపు రా’ నలభై దాటిన పాఠకులకు గుర్తుండాలి. కర్ణాటకలో అదే కథ ‘నాళె బా’. రాత్రిపూట వచ్చి తలుపు తట్టే ఆడదెయ్యం, గోడ మీద రాత చదువుకుని తిరిగి వెళ్లిపోతుందట. చదువొచ్చిన దెయ్యం! నవ్వుకున్నాం, రాశాం, మరిచిపోయాం. దెయ్యానికి ముఖం లేదు, ఊళ్లో ఎవరి పేరూ లేదు, కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. 2017లో ఉత్తర భారతంలో జడలు కత్తిరించే అదృశ్య మనిషి పుకారు కూడా మొదట అలాగే మొదలైంది. రాజస్థాన్, హర్యానా, ఢిల్లీ, తర్వాత ఉత్తరప్రదేశ్. నిద్రలేచి చూస్తే జడ తెగి ఉందని ఆడవాళ్లు చెప్పారు. ఆగస్టు మొదటి వారంలో ఆగ్రా దగ్గరి ఒక పల్లెలో తెల్లవారుజామున దారి తప్పి వచ్చిన ఒక దళిత వృద్ధురాలు కనబడింది. పుకారుకు ముఖం దొరికింది. ఆమెను కొట్టి చంపారు.

ఇక మన జిల్లాల్లోకి వద్దాం. 2020 ఆగస్టులో వనపర్తి జిల్లా రేవల్లి మండలం నాగపూర్‌లో ఒకే కుటుంబంలో నలుగురు ఇంట్లోనే శవాలై కనబడ్డారు. ముసలామె, కూతురు, అల్లుడు, చిన్న వయసు మనవరాలు. చుట్టూ కొబ్బరికాయలు, నిమ్మకాయలు, పూజ సామాను. క్షుద్రపూజ వికటించిందని ఊరూ పత్రికలూ ఒకే మాట అన్నాయి. కథ అక్కడితో ముగిసిపోయేదే. మూడేళ్లు గడిచాక, 2023 డిసెంబరులో, భర్త కనబడటం లేదని ఒక మహిళ ఇచ్చిన ఫిర్యాదు పట్టుకుని లాగిన నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. మూలికా వైద్యం చేస్తానని, గుప్తనిధులు తీసిస్తానని చెప్పుకు తిరిగే మనిషి. డబ్బులు, భూములు రాయించుకుని, నిధి కోసం పూజ అని కూర్చోబెట్టి, తీర్థం పేరుతో విషం ఇచ్చేవాడని పోలీసుల అభియోగం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో కలిపి 11 మంది. అందులో నాగపూర్ నలుగురూ ఉన్నారు.

కోటలు, పాడుబడ్డ గుళ్లు, సంస్థానాల కాలం నాటి బురుజులు ఉన్న సీమ కాబట్టి నిధుల పిచ్చి ఇక్కడ ఎప్పుడూ ఉంది. నన్ను నిలవనీయనిది అది కాదు. మూడేళ్ల పాటు ఒక హంతకుడికి క్షుద్రపూజ అన్న మాటే దుప్పటైంది. ఆ మాట వినగానే అందరికీ అంతా అర్థమైనట్టు తోచింది. దయ్యం చంపిందనుకుంటే దర్యాప్తుకు తొందరేముంది? బాణామతి ఊళ్లలో ఆ మాట అమాయకుల మీదికి మూకను ఉసిగొల్పింది, నాగపూర్‌లో నేరగాడిని కనబడకుండా చేసింది.

మిగతా తెలంగాణ ఏమీ వెనకబడలేదు. 2019 సెప్టెంబరులో హైదరాబాద్ శివారు శామీర్‌పేట దగ్గర అద్రాస్‌పల్లిలో, ఒక స్త్రీ చితి కాలుతుండగా, ఆమెకు చేతబడి చేశాడని ఒక యువకుడిని చంపి అదే చితిలో వేశారు. 2020 నవంబరులో జగిత్యాల జిల్లాలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని బంధువులే తగలబెట్టారు. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం సమావేశం మధ్యలోనే తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లా రామాయంపేట మండలం కాట్రియాలలో ఒక మహిళను ఇంట్లోనే పెట్రోలు పోసి కాల్చారు. చదువు, పట్నం, జీతం దీనికి అడ్డు రాలేదని చూడండి. దేశం మొత్తం మీద 2000 నుంచి 2012 దాకా మంత్రాల నెపంతో జరిగిన హత్యలు 2,097 అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పళ్లు ఊడినవాళ్లు, ఊరు విడిచి పోయినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

చట్టం మాటకొస్తే, బిహార్ 1999లోనే ప్రత్యేక చట్టం చేసింది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, రాజస్థాన్, అస్సాం తమ తమ చట్టాలు తెచ్చుకున్నాయి. బాణామతి ఇలాకాలోనే ఉన్న మన పొరుగువాళ్లు, మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో తెచ్చాయి. రాయచూరులో ఆ చట్టం ఉంది, సరిహద్దు దాటి గద్వాలకు వస్తే లేదు. ఇక్కడి పోలీసు స్టేషన్లో మంత్రగత్తె అన్న నిందను నేరుగా నేరమని పేర్కొనే సెక్షన్ ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ – 2016 జనవరి 26 నుంచి అమలు – దళిత, గిరిజనులను మంత్రాలు చేస్తారన్న నిందతో కొట్టినా, మానసికంగా హింసించినా శిక్ష వేస్తుంది. నింద వేసినవాడు ఆ కులాలవాడు కాకపోతేనే అది వర్తిస్తుంది. పాలివాళ్లే నింద వేసిన బీసీ విధవరాలికి అది పనికిరాదు. చంపాక హత్య కేసు పెడతారు, కొట్టాక గాయాల కేసు పెడతారు. మంత్రాలామె అని పేరు పడ్డ రోజునే ఆమె స్టేషన్‌కు పోతే రాసుకోవడానికి సరైన సెక్షన్ లేదు. ఈ లోటు పూడ్చడానికి తెలంగాణ శాసనసభకు ఒక్క సమావేశం చాలు.

దవాఖానా మాత్రం ఇప్పుడు దగ్గరికొచ్చింది. 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కేక పెట్టిన కోడలిని భూతవైద్యుడి దగ్గరికి కాక అక్కడికి తీసుకుపోవచ్చు. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలిమానస్ ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

పాఠకులకు ఒక మనవి. 1970లు, 80ల్లో గద్వాల, ఆలంపూర్, వనపర్తి, కొల్లాపూర్, అచ్చంపేట తాలూకాల్లో బాణామతి గొడవల మీద తహసీల్దారుకో పోలీసులకో పెట్టుకున్న దరఖాస్తు నకళ్లు, పంచాయతీ తీర్మానాలు, పాత పత్రికల కత్తిరింపులు మీ ఇళ్లలో ఉంటే పత్రిక చిరునామాకు జిరాక్సు పంపండి. అప్పట్లో ఊళ్లలో పనిచేసిన ఏఎన్ఎంలు, టీచర్లు తమకు గుర్తున్నది రాసినా మేలే. నింద పడ్డ మనిషి పేరు, ఆ కుటుంబం పేరు మాత్రం కొట్టేసి పంపండి. వాళ్ల మనవలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు.

(వచ్చే వారం: రాజోలిబండ కాలువ నీళ్ల తగాదా)